ఐదో అంతస్తు వాళ్ళనడగండి

"మీ కాగితం ఐదో అంతస్తుకి పంపేశామండీ. అక్కణ్ణుంచి జవాబు రావాలి," అంది కౌంటర్లో అమ్మాయి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

"వాళ్ళేమో మీ దగ్గర్నుంచి రావాలంటున్నారు," అంది తూవా. "మూడు వారాలుగా ఇదే పాట."

తూవాకి ఇరవై ఒకటో వారం కడుపు. అండాశయంలో కాన్సర్, ఏ లక్షమందిలోనో ఒకరికొచ్చే రకం. ఆ అండాశయం తీసేశారు. ఇక ఆలస్యం చెయ్యకుండా కీమో మొదలుపెట్టాలి. ఐదో అంతస్తులో కాన్సర్ డాక్టర్ స్తఫాన్, బిడ్డ తట్టుకుంటుందో లేదో కాన్పుల వాళ్ళు చెప్పాలంటాడు. ఇక్కడ మూడో అంతస్తులో కాన్పుల డాక్టర్ ఉల్రికా, ఏ మందో వాళ్ళు ముందు చెబితే కదా అంటుంది. మధ్యలో ఉత్తరాలు తిరుగుతున్నాయి. జబ్బు ఉత్తరాల కోసం ఆగుతుందా? తూవాకి ఒళ్ళు మండిపోయింది.

"డాక్టర్ని పిలవండి."

"ఇప్పుడు కాఫీ టైమండీ."

తొమ్మిదిన్నర. కొంపలు మునిగినా స్వీడన్‌లో ఈ కాఫీ మాత్రం ఆగదు. తూవా పొట్ట పట్టుకుని, డాక్టర్లందరూ కాఫీకి చేరే నాలుగో అంతస్తుకి మెట్లెక్కింది. కాఫీ గది తలుపు తట్టకుండానే తోసింది.

కిటికీ పక్క బల్ల దగ్గర స్తఫాన్, ఉల్రికా. ఒకే ప్లేటులో ఒక్క దాల్చినచెక్క బన్ను, చెరి సగం.

"రోజూ ఇక్కడే కూర్చుంటారా ఇద్దరూ?"

"పదకొండేళ్ళుగా," అన్నాడు స్తఫాన్ నోట్లో బన్నుతోనే. "కానీ తూవా, కాఫీ దగ్గర పని మాటలు ఎత్తకూడదని మా పద్ధతి."

తూవా కుర్చీ లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చుంది. ప్లేటు తన వైపు జరుపుకుంది.

"ఇవాళ ఎత్తండి. అప్పటిదాకా ఇది ఇవ్వను."

గదిలో మిగతావాళ్ళు కప్పులు దించేశారు. ఉల్రికా ముఖం ఎర్రబడింది.

"ఏ మందులు?"

స్తఫాన్ మూడు పేర్లు చెప్పాడు.

"ఈ నెలల్లో ఇవ్వొచ్చు. బిడ్డ ఎదుగుదల స్కానింగుల్లో నేను చూసుకుంటాను."

"అయితే సోమవారం మొదలుపెడదాం."

అంతే. బల్ల మీద కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. తూవాకి ఏడుపొచ్చింది, కోపంతోనే. రెండు నిమిషాల మాటకి మూడు వారాలు తిన్నారు. ప్లేటు వాళ్ళ ముందుకు తోసేసి లేచింది.

ఆమె తలుపు దాటకముందే వెనకనుంచి ఉల్రికా గొంతు వినిపించింది.

"స్తఫాన్, సాయంత్రం మన పాపని ఈత క్లాసు నుంచి నువ్వే ఇంటికి తీసుకొచ్చెయ్. ఇవాళ వంట వంతు నాది."