నిద్రపోనివ్వని మనిషి

పక్క సీటావిడ పిల్లాడి అరికాలి మీద గట్టిగా గిల్లింది.

రెండేళ్ల తాహిర్ అమ్మ ఒళ్లో చిన్నగా మూలిగి, మళ్లీ మెడ వాల్చేశాడు.

"ఏంటండీ ఇది! ఇప్పుడే కదండీ పడుకున్నాడు?" సమ్రీన్ పిల్లాణ్ణి గుండెకు అదుముకుంది.

"లేపమ్మా. కాసేపు ఆడించి పడుకోబెడుదువుగాని."

సమ్రీన్‌కి ఒళ్లు మండింది.

కువైట్ విమానం ఎక్కిన దగ్గర్నుంచీ పిల్లాడు ఒకటే ఏడుపు. బెల్టు కడితే ఏడుపు. కిటికీ చూపిస్తే ఏడుపు. చెవులు పట్టుకుని ఏడుపు.

అసలే సమ్రీన్‌ది పిరికి ప్రాణం. ఏలూరులో గుమ్మం ముందు కుక్క ఏడిస్తేనే ఎవరికి మూడిందో అని వణికే మనిషి. విమానం కూలుతుందేమో, పిల్లాడి చెవులు పోతాయేమో, జనం విసుక్కుని తల్లీబిడ్డల్ని దింపేయమంటారేమో... ఒక భయం దిగకముందే ఇంకోటి ఎక్కుతోంది.

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూడనే చూశాడు. "పిల్లల్ని సముదాయించడం రానివాళ్లు విమానాలెందుకు ఎక్కుతారో!"

అప్పుడు ఆదుకున్నదీ ఈ పక్క సీటావిడే. పేరు లిడియా అట. ఊరు గుండుగొలను అట. మొగుడూ తనూ కువైట్‌లో పని చేసుకుంటున్నారట.

జేబురుమాలుతో ఎలుకను చేసి మోచేతి మీద పరిగెత్తించింది. ప్లాస్టిక్ గ్లాసు నెత్తిన పెట్టుకుని, తుమ్మి కింద పడేసింది. తాహిర్ కిలకిలా నవ్వాడు.

ఆ నవ్వు చూసి సమ్రీన్‌కి కొత్త భయం పట్టుకుంది. పరాయి పిల్లాణ్ణి ఇంత ముద్దు చేస్తోందేంటి? ఎత్తుకుపోయే రకం కాదు కదా!

పిల్లాణ్ణి చంకనేసుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

అత్త చాంద్ బీ ఇచ్చిన జలుబు సిరప్ సంచిలో ఉంది. "ఓ మూత పొయ్యి, దిగేదాకా కిక్కురుమనడు. నా పిల్లల్ని ఇలాగే పెంచాను" అని మరీ చెప్పింది అత్త. విమానం ఎక్కేముందే ఓ మూత పోసింది సమ్రీన్. అది పని చేయలేదనుకుని ఇప్పుడు ఇంకో మూత పోసింది. మళ్లీ లేస్తాడేమోనని ఇంకాస్త పోసింది.

సీటుకొచ్చేసరికి వాడి కళ్లు మూతలు పడ్డాయి. చుట్టుపక్కల వాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు.

లిడియా మాత్రం అప్పుడే గిల్లడం మొదలుపెట్టింది.

"ఏమైనా మందు పోశావా అమ్మా?" ఇప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

సమ్రీన్ పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అవునంటే పోలీసులకు చెబుతుందేమో! కొడుకుని ఫోన్లో తప్ప చూడని మొగుడు రిజ్వాన్ ఏమంటాడో!

"అల్లా మీద ఒట్టండీ, ఏమీ పొయ్యలేదు."

"పోస్తే చెప్పమ్మా, ఏం కాదు."

"చెప్తున్నాను కదండీ! నా బిడ్డ పడుకుంటే మీకెందుకండీ కడుపుమంట?"

లిడియా మొహం చిన్నబోయింది. అయినా ఊరుకోలేదు. తడిచేత్తో పిల్లాడి మొహం తుడిచింది. చెవి లాగింది. మళ్లీ పాదం గిల్లింది.

"ఏవండీ, మీకేమైనా పిచ్చా? పడుకున్న పిల్లాణ్ణి లేపుతారేంటి?" ముందు సీటాయన గంట నొక్కాడు.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది. లిడియా కంగారుగా ఏదో చెప్పబోయింది. ఆవిడకు వచ్చింది తెలుగు, పనిలో నేర్చిన అరబీ. ఆ రెండూ హిందీ మాట్లాడే ఎయిర్ హోస్టెస్‌కి రావు.

సమ్రీన్ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. గడగడా చెప్పేసింది. బాబు హాయిగా పడుకున్నాడని, ఈవిడ గిల్లి చంపుతోందని, తనకు భయంగా ఉందని.

లిడియాను చిట్టచివరి వరసకు పంపేశారు.

"లేపుతూ ఉండమ్మా. నీకు దండం పెడతాను."

"మీ దండాలు మాకొద్దండీ."

ముందు సీటాయన వెనక్కి తిరిగి, ఈసారి నవ్వాడు. "బంగారుకొండండీ మీవాడు. చూడండి, ఎంత బుద్ధిగా పడుకున్నాడో."

ఇల్లు వదిలాక మొదటిసారి, ఏ భయమూ లేకుండా సమ్రీన్ కళ్లు మూసుకుంది.

చక్రాలు నేలను తాకిన కుదుపుకి మెలకువ వచ్చింది.

"తాహిర్, లే నాన్నా. మీ అబ్బా వచ్చారు, చూద్దువుగాని."

వాడు లేవలేదు. పెదాలు నేరేడుపండులా ఉన్నాయి.

సమ్రీన్ కేకకి అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది లిడియానే. పిల్లాణ్ణి లాక్కుని, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఎయిర్‌పోర్టు డాక్టర్ల చేతుల్లో పెట్టేదాకా ఊదుతూనే ఉంది.

అద్దాల గదిలోంచి డాక్టరు బయటికొచ్చి అరబీలో నెమ్మదిగా ఏదో చెప్పి వెళ్లాడు.

"ఏమన్నారండీ?"

లిడియా సమ్రీన్ చెయ్యి పట్టుకుంది. "ఊపిరికి మిషన్ పెట్టారట. ఆశ పెట్టుకోవద్దంటున్నారమ్మా."

బయట రిజ్వాన్ ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాడు.

సమ్రీన్ ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయింది. "పోశానండీ... అబద్ధం చెప్పాను. మందు పోశానండీ."

"తెలుసమ్మా."

"ఎలా తెలుసండీ? నర్సమ్మగారా మీరు?"

లిడియా అద్దం అవతలి చిన్న మంచం కేసి చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"కాదమ్మా. పోయినేడు ఊరికి తీసుకెళ్తూ మా వాడికీ ఓ మూత పోసి, దిగేటప్పుడు లేపుదాంలే అని విమానంలో జోకొట్టిన తల్లిని."