పేరు లేని గడి

రాజోలులో నెట్ సెంటర్ మూసే వేళయింది. వెంకటసాయి నెట్ కేబుల్ పీకేసి కూడా సర్వర్ ముందు నుంచి లేవలేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇంటి కబుర్లు పంపే సైటు జావాలో అతను రాసిందే. ఎవరికి పంపాలన్న గడి, అంటే పారామీటరు, ఖాళీగా వస్తే, కబురందుకునే కోడు ముక్క హ్యాండ్లర్ దాన్ని ఆపెయ్యాలి. అతనిది ఆపేది కాదు, సరిచూసుకోవడానికి తను పెట్టుకున్న 'టెస్ట్' అన్న ఉత్తుత్తి పేరు నింపేసేది. దాన్ని తీసెయ్యడం మరిచిపోయాడు.

సెంటర్‌కొచ్చి మస్కట్‌లోని భర్తకి కబుర్లు పంపే లోవమ్మ ఆయన పేరు పలకదు, రాయదు. నెలల తరబడి ఆ గడి ఖాళీగానే వదిలేసింది. కబుర్లన్నీ టెస్ట్‌కే పోయాయి. ఇంటి నుంచి ఒక్క మాటా లేదన్న దిగులుతో మంచం పట్టి ఆమె భర్త మాణిక్యాలరావు అక్కడే పోయాడు.

"ఆయన చదివేరంటారా, సాయిగారూ?" అని ఇవాళ సాయంత్రం లోవమ్మ వచ్చి అడిగింది.

"ఆయ్, అన్నీ చదివేరండి," అన్నాడు తల వంచుకుని.

వాన వెలిసింది. చూరు నుంచి చుక్కలు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో తెర మీద కొత్త కబురు కదిలింది. పంపినవారు: టెస్ట్.

కేబుల్ వంక చూశాడు. నేల మీదే పడి ఉంది.

"లోవ రాసినవన్నీ ఇప్పుడే చదివేనండి, సాయిగారూ. చదివేనని మీరు ముందే చెప్పేసేరట కదా. మరి ఇన్నాళ్ళూ నాకెందుకు అందలేదో, అదెప్పుడు చెబుతారండీ?"