మెడకు గంజి

పూర్వం ఐరోపా దొరలు గంజి పెట్టిన కుచ్చుల పట్టీని మెడ చుట్టూ కట్టుకునేవారు. తలకాయను విస్తట్లో వడ్డించినట్టుండేది. వాళ్లు భోజనం ఎలా చేసేవారో అడక్కండి, అదో పెద్ద కథ.

ఒక దొర పెరట్లో ఆరేసిన పట్టీలో పుంజు తల దూర్చింది. ఇక దానికి కాళ్ల కింద గింజ కనబడలేదు, ముక్కు నేలకు అందలేదు. రెండు రోజులు పస్తే.

"కడుపుకు లేని గంజి మెడకెందుకు మావా? తీసెయ్యి," అంది దాని పెళ్లాం పెట్ట.

"నోర్ముయ్యవే! దొరతనమంటే మాటలా?" అంది పుంజు నీరసంగా.

మూడో రోజు వాన పడింది. పట్టీ మెత్తబడి వేలాడింది. దాని కొసల నుంచి తెల్లగా గంజి కారింది. పుంజు అటూ ఇటూ చూసి, గటగటా తాగేసింది.

"ఎలా ఉంది మావా దొరతనం?"

"కాస్త ఉప్పు పడాలే."