గులాబీ టికెట్టు

“రెండు,” అంటూ సైకిళ్ళ మేస్త్రీ నోటు చాపాడు.

లాంచిలో టికెట్లు కొట్టే ఉంగరాల జుట్టువాడు ఒక తెల్ల టికెట్టు, ఒక గులాబీ టికెట్టు చించి చేతిలో పెట్టాడు. చిల్లర ఎక్కువొచ్చింది.

“ఇదేంటి?”

“ఆవిడకి సగమే అన్నా. ఎప్పుడూ అంతే.”

వాడు అక్కడితో ఊరుకోలేదు. మేస్త్రీ భార్య వంక తిరిగి, “అక్కడ గాలి కొడుతుందమ్మా, ఇటొచ్చి కూర్చోండి,” అని తన సంచీ తీసి చోటిచ్చాడు. ఆమె నవ్వి, తల మీది కొంగు సర్దుకుని కూర్చుంది.

మేస్త్రీ ఆ నవ్వు చూశాడు. ఆమె రోజూ ఏరు దాటి అవతలి గట్టున కుట్టు షెడ్డుకి వెళ్తుంది. అతను తోడు రావడం ఇదే మొదలు. అంటే ఇన్నాళ్ళుగా ఈ నవ్వులు నడుస్తున్నాయన్నమాట!

లాంచి యజమానికి మనిషికో ధర. ఆఫీసు వేళ ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి. తప్పనిసరిగా దాటాల్సినవాడి దగ్గర లాగుతాడు, మానేస్తాడనుకున్నవాడికి తగ్గిస్తాడు. అందులో మేస్త్రీకి వింతేమీ లేదు. పంక్చరు వేయించుకునేవాడి తొందర చూసి ధర చెప్పే మనిషే తనూ. అందుకే అతనికి బాగా తెలుసు, ఊరికే తగ్గించేవాడు లోకంలో ఉండడు.

ఆడవాళ్ళందరికీ సగమేమో అనుకున్నాడు. పక్కింటి నర్సు చేతిలో చూస్తే తెల్ల టికెట్టు. ఆ పిల్ల నడిచొస్తే వీధి వీధంతా తల తిప్పుతుంది. దానికే లేని తగ్గింపు దీనికెందుకు?

ఆదివారం మీసానికి రంగు ఇంకాస్త దట్టంగా పూశాడు. ఇంట్లో ఉన్న ఒక్క అద్దం అతని ఎత్తుకే తగిలించి ఉంది. గళ్ళ చొక్కా వేసుకుని ఒంటరిగా లాంచి ఎక్కాడు. తెల్ల టికెట్టే చింపాడు వాడు. చొక్కా బాగుందన్నా అన్నాడు కూడా.

ఇంటికొచ్చి ఆమె కుట్టు డబ్బా బోర్లించాడు. అడుగున అన్నీ గులాబీ టికెట్లే. ఒక్కోటీ బుద్ధిగా మడిచి, రంగు రంగు దారాలు చుట్టి దాచింది.

“వాడు నీకెందుకు తగ్గిస్తున్నాడు?”

ఆమె సూదిని చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని దారం ఎక్కిస్తోంది.

“నా మొహం చూసి.”

“అనడానికి సిగ్గులేదూ?”

“నాకెందుకు సిగ్గు? వాడు చూశాడు. మీరెప్పుడైనా చూశారా?”

“నోరు లేస్తోందే! రేపట్నించి ఏరు దాటక్కర్లేదు. షెడ్డూ వద్దు, గిడ్డూ వద్దు.”

సూది ఆగిపోయింది. ఆ షెడ్డులో మిషను పెడలు తొక్కుతున్నంతసేపే ఆమెకి ఎవరి అరుపులూ వినపడవు.

“వాణ్ణి ఒక్కసారి నోరు తెరిచి అడగండి,” అంది నెమ్మదిగా. “విన్నాక కూడా మానెయ్యమంటే మానేస్తాను.”

“అడగననుకున్నావా?”

పొద్దున్నే ఇద్దరూ లాంచి ఎక్కారు. నిండుగా జనం. వాడు అలవాటుగా గులాబీ కట్ట మీద వేలు పెట్టాడో లేదో, మేస్త్రీ వాడి కాలరు పట్టుకున్నాడు. పంక్చరు ట్యూబులు నలిపే చెయ్యి అది. రెండు బొత్తాలు ఊడి నీళ్ళలో పడ్డాయి.

“ఏరా, ఎవరినడిగి ఇస్తున్నావ్ ఆవిడకి సగం? ఏం చూసి ఇస్తున్నావ్? ఇంతమందిలో చెప్పు!”

“వదలన్నా, చెప్తా...”

“పాపం, ఊపిరాడనిస్తే కదా చెప్తాడు!” అని వెనక నుంచి ఎవరో నవ్వారు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ చూపంతా వాడి మీదే. భార్య మాత్రం నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. గాలికి తల మీది కొంగు జారితే ఈసారి సర్దుకోలేదు.

వాడు కాలరు విడిపించుకుని, ఆమె తల వంక ఒకసారి, మేస్త్రీ మీసం వంక ఒకసారి చూశాడు.

“పెద్దవాళ్ళకి సగమే కదన్నా, వయసడిగితే నొచ్చుకుంటారని నేనే చూసి చించేస్తుంటా, అయినా ఇంత కోపం దేనికి... ఇచ్చింది మీ అమ్మగారికేగా!”