హేమిష్ ప్రయాణం

"బుట్ట వద్దక్కా. వెలుతురు పడితే వాడు బెదురుతాడు. మూతున్న పెట్టె కావాలి" అన్నాడు మర్డో.

"తెచ్చానురా బాబూ. చూడు, చిల్లులు చాలా?" అంది ఎల్స్‌పెత్.

మర్డో ఒక్కో చిల్లులో వేలు పెట్టి చూశాడు. ముప్ఫయ్యెనిమిదేళ్లు గొర్రెల లారీ నడిపిన మనిషి. ఏ మందను ఎలా ఎక్కిస్తే బెదరకుండా ఉంటుందో రివర్టన్ చుట్టుపక్కల రైతులంతా అతన్నే అడిగేవారు. ఇప్పుడు పంపాల్సింది గుప్పెడంత ముళ్లపందిని. పేరు హేమిష్. రెండేళ్ల కిందట, భార్య రోనా పోయిన నెలలోనే, తల్లి లేని పిల్లగా తోటలో కీచుమంటూ దొరికింది. తోడుగా అక్క వచ్చి ఉంటోంది గానీ, అక్కతో అన్నీ పోట్లాటలే. మనసులో మాట చెప్పుకునేది హేమిష్‌తోనే. రోనా పోయాక మర్డో గేటు దాటి బయటికి వెళ్లింది లేదు.

అలాంటి హేమిష్‌ని పంపేయాల్సి రావడం తన తప్పే. గూటి పక్కన హీటరు పెట్టి, దాని మీద తువ్వాలు ఆరేసి, సంగతే మరిచిపోయాడు. ఎల్స్‌పెత్ చూడబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఇల్లే అంటుకునేది. వారం తిరక్కుండా పొయ్యి మీద గిన్నె మాడింది.

"ఇంక ఇక్కడ కుదరదురా" అంది ఎల్స్‌పెత్ ఆ రోజు. "ఇన్వర్‌కార్గిల్‌లో మరామా అని ఒకావిడ ఉంది. వెచ్చటి గది, వేళకి తిండి. నా వల్ల కావడం లేదు."

"వాడు నేను లేకుండా ఉండలేడక్కా" అన్నాడు మర్డో.

ఎల్స్‌పెత్ ముఖం తిప్పుకుంది. "బెదరకుండా చేర్చాలి. ఎలాగో నువ్వే చెప్పు. నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

ఆ మాటతో మర్డోకి పని దొరికింది. ముందు చిన్న ప్రయాణాలు చేయించాలన్నాడు. మొదటి రోజు చర్చి మలుపు దాకా, తర్వాత సముద్రం దాకా, ఆ తర్వాత ఇన్వర్‌కార్గిల్ దారిలో సగం దాకా. "నువ్వూ ఎక్కు, నువ్వు లేకపోతే వాడు బంతిలా ముడుచుకుపోతాడు" అని అక్క తన కారులో లాక్కెళ్లింది. మొదటిసారి మర్డో సీటు అంచు వదల్లేదు. మూడోసారికి పెట్టె ఒళ్లో పెట్టుకుని పాత కబుర్లు మొదలుపెట్టాడు.

"గొర్రెలు లారీ ఎక్కనని మొరాయిస్తే కొట్టకూడదక్కా. నా దగ్గర కెప్టెన్ అని ఒక ముసలి పొట్టేలు ఉండేది. దాన్ని ముందు నడిపిస్తే చాలు, మందంతా వెనకే లారీకి ఆనించిన వాలుబల్ల ఎక్కేసేది."

"మరి కెప్టెన్?"

"అదేం చేస్తుంది? నాతో ఇంటికొచ్చేసేది." మర్డో నవ్వాడు.

ఎల్స్‌పెత్ నవ్వలేదు. "ఆ గొర్రెలకి నీ మీద కోపం వచ్చేది కాదూ?" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ప్రయాణం రోజు రానే వచ్చింది. ఎల్స్‌పెత్ చీజ్ రోల్స్ చేసి, వేడివేడిగా కాగితంలో చుట్టేసింది. మర్డో చెయ్యి చాచాడు.

"కడుపు నిండా పెట్టి బండి ఎక్కించకూడదని చెప్పింది నువ్వేగా?"

"అది హేమిష్‌కి!"

"నీకూ అంతే. వెళ్లాక తిందువుగానిలే."

"పిసినారిదానా" అని గొణుక్కుంటూ మర్డో తన పాత చొక్కా ఒకటి పెట్టె అడుగున పరిచాడు. తెలిసిన వాసన ఉంటే ప్రాణికి ధైర్యం. వెనక సీట్లో పెద్ద తోలుపెట్టె, దాని మీద అక్క స్వెట్టరు కనిపించాయి.

"గుప్పెడంత ప్రాణికి ఇంత సామానా? ఆ స్వెట్టరెందుకూ?"

"చలికాలమంతా ఉండాలి కదరా. వాసన కోసం నాదీ ఒకటి ఉండనీ."

నలభై నిమిషాల దారి. మర్డో చెప్పినట్టే ఆమె రేడియో పెట్టలేదు, హారన్ కొట్టలేదు. అతను పెట్టె చిల్లుల దగ్గర నోరు పెట్టి, "భయం లేదురా, నేనున్నా" అంటూనే ఉన్నాడు.

అదొక పొడవాటి ఇల్లు. గుమ్మానికి మెట్లు లేవు, వాలుగా కట్టిన దారి. అక్కడికి రాగానే మర్డో ఆగిపోయాడు. ఎల్స్‌పెత్ అతని చేతిలోంచి పెట్టె తీసుకుని ముందు నడిచింది. మర్డో దాని వెనకే ఎక్కాడు.

మరామా నవ్వు ముఖంతో ఎదురొచ్చి, కిటికీ ఉన్న గదిలోకి తీసుకెళ్లింది. వెనకే ఎవరో తోలుపెట్టె తెచ్చి మంచం పక్కన పెట్టారు.

"వాడు రాత్రిళ్లు లేచి తిరుగుతాడమ్మా. కసురుకోకండి" అన్నాడు మర్డో.

"మా దగ్గర అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు."

"కొత్త చోటు. బెంగ పెట్టుకుంటాడేమో."

"మొదటి వారం ఎవరికైనా అంతే. తర్వాత అలవాటైపోతుంది."

మర్డో తలాడించాడు. మంచిమనిషే. "ఇంకొక్కటి. దించగానే తిండి పెట్టాలి. తినే ధ్యాసలో ఉంటే ఒంటరితనం తెలీదు. అప్పుడు మనం మెల్లగా తప్పుకోవాలి. వీడ్కోలు చెప్పకూడదు. చెబితే వెంటపడతారు."

"గుర్తుందిరా" అంది ఎల్స్‌పెత్. అతన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చీజ్ రోల్స్ పొట్లం విప్పి ఒళ్లో పెట్టింది. ఒక్క క్షణం అతని తల మీద చెయ్యి వేసింది. "తిను. పొద్దుట్నుంచీ ఆకలి మీదున్నావు."

రోల్స్ ఇంకా వెచ్చగా ఉన్నాయి. రోనా చేసినట్టే ఉల్లిపాయ కాస్త ఎక్కువ పడింది. మర్డో ఆబగా తిన్నాడు. రెండోది చేతిలోకి తీసుకుంటూ, హేమిష్ కూడా తింటున్నాడో లేదోనని తలెత్తాడు.

కిటికీ బయట, హేమిష్ పెట్టె పట్టుకుని అక్క ఒక్కతే వాలు దిగుతోంది.