గాజుకి చెప్పిన నెల

ఆ ఊళ్లో కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషి చేతికీ ఇప్పుడు పరీక్ష గాజు ఉంటుంది. లోపలి బిడ్డ ఎలా ఉందో అదే చెబుతుంది. మూడు రోజుల కిందట వీరవేణి గాజు ఎర్రబడి, "బిడ్డ ఎదుగుదల చాలలేదు" అంది. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. అంట్లు తోముతున్నా, పూలు కడుతున్నా చూపంతా గాజు మీదే.

నాలుగో రోజు పొద్దున్నే నర్సు ఎస్తేరమ్మ వచ్చి, చేతి స్కానరు పొట్టకు ఆనించి చూసింది.

"నాలుగో నెలకి ఉండాల్సినట్టే ఉందిగా! గాజుకి ఎన్నో నెలని చెప్పారు?"

వీరవేణి అత్త మంగతాయారు తల దించుకుంది. "అయిదని నేనే చెప్పానండి. నాలుగూ ఆరూ లాంటి సరి నెలలు పైకి అనకూడదు కదండీ, దిష్టి తగులుద్ది."

"మనుషులకి చెప్పకపోతే సరే. గాజుక్కూడానా తల్లీ!"

"మాట్టాడే గాజాయె. ఎవరితో అంటదో ఏంటో!"

ఎస్తేరమ్మ నెల సరిచేసింది. గాజు కాసేపు ఆగి, ఆకుపచ్చగా మారి, "బిడ్డ బాగుంది" అంది. వీరవేణికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. అత్త మీద రావలసిన కోపం మాత్రం రాలేదు.

"అత్తయ్యా, ఆకలేస్తోంది."

మంగతాయారు గబగబా అన్నం కలుపుకొచ్చి, ముందు గాజు దగ్గరికి వంగి గుసగుసలాడింది. "వచ్చే నెల నిజంగానే అయిదు. అందాకా నోరు మెదపకు."