అరుగు మీద ఆట

"లెయ్యండి మామా. చేపలు పరుచుకోవాల" అంటూ చెంచమ్మ కవళ్ల చేపల బుట్టను పేకముక్కల పక్కనే దించింది.

అది చేపలు ఎండబెట్టుకోవడానికి కట్టిన సిమెంటు అరుగు. సరిగ్గా దాని నడుమ నాలుగు కర్రలు నిలబెట్టి, పైన టార్పాలిన్ పట్ట కట్టి, ఆ నీడలో ముగ్గురు రమ్మీ ఆడుతున్నారు. ఒకరు పెద్ద పడవ యజమాని హజరత్తయ్య. ఇంకొకరు ఐసు అమ్మే నరేంద్రబాబు. మూడోవాడు పెంచల్, చెంచమ్మ మొగుడు.

హజరత్తయ్య తల ఎత్తలేదు. "బుట్ట తియ్యిమే. కంపు."

"పొద్దున నీ పడవలో వచ్చిన చేపే గదా మామా. అప్పుడు లేని కంపు ఇప్పుడొచ్చిందా?"

నరేంద్రబాబు కిసుక్కున నవ్వి, హజరత్తయ్య చూపు తగలగానే ఆపేశాడు.

"ఇసకలో పరుచుకోండి. ఇంత సముద్రం ఒడ్డున ఇసక లేదా?" అన్నాడు హజరత్తయ్య.

"ఇసక అంటిన చేపను ఎవరు కొంటారు? పచ్చి చేప కొనే కావలి ఊరి వ్యాను రాలేదు. ఎండ ఉండంగానే పరచకపోతే ఎనిమిది ఇళ్ల చేప కుళ్లిపోతాది."

అరుగు కింద ఏడుగురు ఆడవాళ్లు బుట్టల దగ్గర నిలబడి ఉన్నారు. ముందు నిలబడ్డ గురవమ్మ బుట్టలో నుంచి ఈగలు తోలుతోంది.

"ఇంటికి పో" అన్నాడు పెంచల్, ముక్కల వెనక నుంచి.

చెంచమ్మ కదల్లేదు. హజరత్తయ్యకు చిరాకు పుట్టింది. "ఆట మధ్యలో మొగోళ్లను లెయ్యమంటావే. దీంట్లో ఎంత బుర్ర కావాలో తెలుసా నీకు? ఒక్క ఆట గెలువు చూస్తాం. మేమే పట్ట విప్పుకోని పోతాం."

"నేర్పండి" అంది చెంచమ్మ.

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆమె బుట్టను కిందనున్న గురవమ్మకు అందించి, ఏదో మాట చెప్పి, వచ్చి చాప మీద మఠం వేసుకుని కూర్చుంది.

పెంచల్ పదమూడేసి ముక్కలు పంచాడు. ఆమె వాటిని రెండు చేతులా పట్టుకుంటే సగం ఒళ్లో పడ్డాయి.

"విసనకర్ర మాదిరి పట్టుకోమే" అన్నాడు నరేంద్రబాబు. "ఒకే రంగువి మూడు వరసగా రావాల. ఆటీను నాలుగు, అయిదు, ఆరు. అట్టా."

"జోకర్ లేకుండా ఒక వరస ఉండి తీరాల" అన్నాడు హజరత్తయ్య. "అది లేకపోతే మిగతావి ఎన్నున్నా సున్నా."

"రాణి తర్వాత రాజా మామా?"

"రాజే. ఆ తర్వాత ఆసు."

"రాజు కన్నా ఒంటి చుక్క పెద్దదా? ఎందుకని?"

"ఎందుకంటే ఏం చెప్పేది? ఆటంతే."

మొదటి ఆటలో ఆమె గబుక్కున "షో" అని ముక్కలు పరిచింది. వరసలన్నింటిలోనూ జోకర్ ఉంది. ముగ్గురూ పడిపడి నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇంకోటి పంచండి" అంది.

రెండో ఆటలో ప్రతి ముక్కకూ అడిగింది. ఇది ఉంచుకోవాలా, పారెయ్యాలా? అడిగిన ప్రతిసారీ ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. రాజును ఉంచమన్న నరేంద్రబాబు మీద హజరత్తయ్య విరుచుకుపడ్డాడు. నీకే ఆట రాదంటే నీకే రాదనుకున్నారు. ఆ వాదన తేలకముందే ఆమె ఆట ఓడిపోయింది.

"మీ వాళ్లు ఏం చేస్తుండారుమే, మాట వినపడదే?" అన్నాడు హజరత్తయ్య, ముక్కలు కలుపుతూ.

"చేపలు చూసుకుంటుండారు మామా. పంచు."

మూడో ఆటలో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. హజరత్తయ్య ఏ ముక్క ఎత్తుకున్నాడో, నరేంద్రబాబు ఏది వేస్తూ తటపటాయించాడో, అన్నీ చూస్తూ కూర్చుంది. కళావరు తొమ్మిది ఒక్కటే కావాలి. నాలుగు చుట్లు రాలేదు. అయిదో చుట్టులో పెంచల్ చేతిలోంచి అదే పడింది.

ఆమె దాన్ని ఎత్తుకుని, ఒక ముక్క బోర్లా వేసి, మిగతావి నెమ్మదిగా పరిచింది. "షో."

నరేంద్రబాబు వంగి చూశాడు. జోకర్ లేని వరస ఒకటి, జోకర్‌తో ఇంకొకటి, ఎనిమిదులు మూడు, జాకీలు నాలుగు. మళ్లీ లెక్కపెట్టాడు.

"సరిగ్గానే ఉంది" అన్నాడు.

హజరత్తయ్య ముక్కలన్నీ చేత్తో ఒక్కచోటికి ఊడ్చాడు. "నేర్చుకునే ఆట లెక్కలోకి రాదు."

"గెలిస్తే పోతామన్నావు గదా మామా" అన్నాడు పెంచల్ మెల్లగా.

"నువ్వు ముయ్యి. నీ పెళ్లానికి తొమ్మిది అందించింది నువ్వే గదా."

చెంచమ్మ ఆయన ముఖం వైపే చూసింది. "అయితే లేవరా?"

"లేవం. ఏం చేస్తావు?"

"సరే. లేవబాకండి" అని ఆమె లేచింది.

రెండడుగులు వెనక్కు వేసి ఆగింది. గురవమ్మ కింద నుంచి ఒక బుట్ట అందించింది. చెంచమ్మ వంగి, తన పాదాలు ఆనిన చోట చేపలు పేర్చి, ఇంకో అడుగు వెనక్కు వేసి, అక్కడా పేర్చింది. అప్పుడు గానీ ముగ్గురూ చుట్టూ చూడలేదు. పట్ట అంచు నుంచి అరుగు చివరి దాకా, నాలుగు వైపులా, వేలు దూరే సందు లేకుండా, ఆట సాగినంతసేపూ ఆడవాళ్లు పరిచిన కవళ్లు ఎండలో తళతళలాడుతున్నాయి. పరిచిన చేపను తొక్కినవాడిని ఆ పాలెంలో ఏ పడవా ఎక్కించుకోదు.

"ఏందిమే ఇది, మేం దిగేదెట్టా?" అన్నాడు హజరత్తయ్య, లేవబోయి ఆగి.

చివరి చేప పెట్టి అరుగు దిగిన చెంచమ్మ, బారుగా చెయ్యి చాపి పట్ట కట్టిన తాడు అందుకుంది.

"మిమ్మల్ని దిగమని ఎవరన్నారు మామా, సాయంత్రం దాకా ఆడుకోండి. నీడ పడితే చేప ఎండదు, పట్ట మాత్రం విప్పుకుంటాం."